నమితా దీదీ పడవ పాట

బర్ దుబాయ్,
10 జూలై 2020.

మరియకుమారత్తకి హెప్సీ వందనాలు. మావయ్యని అడిగానని చెప్పు.

నేను బాగానే ఉన్నాను. ముందు ఆ మాట రాయకపోతే మిగతా ఉత్తరం నువ్వు చదవవని తెలుసు. జ్వరం లేదు, దగ్గు లేదు, అన్నం తింటున్నాను. మా ఫ్లాట్‌లో నర్సులందరికీ టెస్టు చేశారు, ఎవరికీ ఏమీ లేదు. ఫోనులో ఎంత మాట్లాడినా పెట్టేశాక చేతిలో ఏమీ మిగలదంటావుగా, అందుకే రాస్తున్నాను. పోస్టు ఆగిపోయింది కాబట్టి ఫొటో తీసి మావయ్యకి వాట్సాప్‌లో పంపుతాను. అక్షరాలు పెద్దవిగానే రాశాను, కళ్ళజోడు వెతుక్కోనక్కర్లేదు.

ఇవాళ నీకు ఒకావిడ సంగతి చెప్పాలి.

మా వార్డులో నమితా సర్కార్ అని బెంగాలీ ఆవిడ ఉంది. అరవై దాటాయి. అందరూ దీదీ అంటారు, నేనూ అదే అంటున్నాను. మే నెలలో తెచ్చారు. ఊపిరి అందక మెషీన్ మీద పెట్టారు. నోట్లో గొట్టం ఎక్కువకాలం ఉంచకూడదని ఆఖరికి గొంతు దగ్గర చిన్న కన్నం చేసి అక్కణ్ణుంచి వేశారు. అది ఉన్నన్నాళ్ళూ మాట రాదు. బతుకుతుందని మేమెవరం అనుకోలేదత్తా. బతికింది.

ఆవిడ పక్క సర్దేటప్పుడు నేను అలవాటుగా ఏదో ఒకటి పాడుకుంటాను. నువ్వు నేర్పినవే, ఆదివారం పాటలు. మాస్కులోంచి ఏం వినిపిస్తుందిలే అనుకునేదాన్ని. గొట్టం తీసేశాక మొదటిసారి నోరు విప్పింది. మాట కాదు, గాలి. నా గొంతు వైపు వేలు చూపించి "గొలా... గొలా" అంది. నా ప్రాణం చచ్చిపోయింది. ఇన్నాళ్ళూ గోల చేసి మనిషిని విసిగించానన్నమాట అనుకుని "సారీ దీదీ" అని నోరు మూసుకున్నాను. మర్నాడూ పాడలేదు, ఆ మర్నాడూ పాడలేదు. ఆవిడ నావంక చూస్తుంది, మొహం తిప్పేసుకుంటుంది, కళ్ళలో నీళ్ళు. ఆఖరికి మా వార్డులో ఉన్న కలకత్తా డాక్టరు గారిని తీసుకొచ్చి అడిగిస్తే ఆయన ఒకటే నవ్వు. వాళ్ళ భాషలో గొలా అంటే గొంతట! "అంత మంచి గొంతు, ఎందుకు ఆపేసింది, నా మీద కోపమా?" అని అడుగుతోందట.

ఆవిడ పేరున్న గాయని అత్తా. పాటలు నేర్పే టీచరు కూడా. బర్ దుబాయ్‌లో బెంగాలీ పిల్లలు సగంమంది ఆవిడ దగ్గరే నేర్చుకున్నారట. మాట వస్తుందన్నారు డాక్టర్లు. పాట సంగతి అడిగితే అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

వచ్చే వారం డిశ్చార్జి. నన్ను కూతురంటోంది. ఇల్లు మా ఫ్లాట్‌కి రెండు వీధుల అవతలే. వచ్చి మాతో ఉండు అంటోంది. ఆలోచిస్తున్నాను.

నాన్నని వేళకి మాత్రలు వేసుకోమను.

నీ
హెప్సీ


నరసాపురం,
29 జూలై 2020.

ఒసేయ్ హెప్సీ, ప్రభువు నిన్ను చల్లగా చూడాలి.

నీ ఉత్తరం మావయ్య ఫోనులో పెద్దది చేసి చదివారు. ఒక్కో లైనూ అటూ ఇటూ జరపడం, ఈయన వేలు తగిలి అది ఎగిరిపోవడం. రెండోసారి నేనే లాక్కుని చదువుకున్నాను.

ఆ తల్లి బతికినందుకు స్తోత్రం. ఇక్కడ చర్చి మూసేశారు. క్వయిరు పిల్లలు ఎవరిళ్ళలో వాళ్ళున్నారు. నేను అరుగు మీద కూచుని లేసు అల్లుకుంటూ నా ఆల్టో, ఆ కింది గొంతు వరస ఒక్కదాన్నీ పాడుకుంటున్నాను. మిగతా మూడు గొంతులూ లేకుండా ఆల్టో పాడితే ఎలా ఉంటుందో తెలుసా? పెళ్ళికొడుకు లేని ఊరేగింపులా ఉంటుంది. మావయ్య మాత్రం బాగుందంటారు. ఆయనకి అన్నీ బాగుంటాయి.

ఇక అసలు సంగతి. "మాతో ఉండమంటోంది" అని రాశావు. మా అంటే ఎవరెవరే? ఆవిడకి కొడుకున్నాడా? ఏం చేస్తాడు? పరాయి దేశంలో ఊరికే ఎవరూ ఎవర్నీ కూతురనరు. మీ నాన్నకి ఇంకా చెప్పలేదు. మా జ్ఞానరాజు అన్నయ్య సంగతి నీకు తెలుసుగా, వింటే రైలెక్కి దుబాయ్ వచ్చేస్తానంటాడు.

నీ గొంతు బాగుందంటే బాగుండక ఏమవుతుంది. మీ అమ్మ పోయి నా దగ్గరికొచ్చినప్పుడు ముక్కుతో పాడేదానివి. ఆ ముక్కు వదిలించడానికి నేను పడ్డ పాట్లు ఆ దేవుడికే ఎరుక.

కొడుకు సంగతి వెంటనే రాయి.

మీ అత్త
మరియకుమారి


బర్ దుబాయ్,
18 సెప్టెంబరు 2020.

అత్తా, వందనాలు.

నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. కొడుకూ లేడు, కోడలూ లేదు. మా అంటే దీదీ, ఆవిడ హార్మోనియం, బాల్కనీలో పావురాలు. వాళ్ళాయన బిమల్ గారు పోయి రెండేళ్ళయింది. పిల్లలు లేరు. నేను మా ఫ్లాట్‌లోనే ఉన్నాను, శుక్రవారం సెలవు దొరికితే వెళ్ళొస్తున్నాను. సరేనా?

దీదీకి మాట వచ్చింది. బొంగురుగా, ఎండిన ఆకు మీద నడిచినట్టు. పాట రాలేదు. ఆవిడ పనిచేసేది ఒక సంగీత కేంద్రంలో. వీసా కూడా వాళ్ళు ఇచ్చిందే. దాని మేనేజరు, ఇక్కడి మాటలో ముదీర్, వేణుగోపాలరావు గారని మన రాజమండ్రి ఆయనే. ఇప్పుడు క్లాసులన్నీ కంప్యూటర్ మీదే కదా. ఆయన ఫోన్ చేసి, "మేడమ్, గొంతు లేని టీచర్ని తల్లిదండ్రులకి ఎలా చూపించను? కొన్నాళ్ళు చూస్తాను, తర్వాత ఖలాస్" అన్నారు. చెడ్డవాడు కాదు, ఆయన నెత్తిమీద కఫీల్, అంటే వీసాలిచ్చే అరబ్బు యజమాని, ఉన్నాడు. కానీ ఖలాస్ అంటే ఉద్యోగంతో పాటు వీసా కూడా పోయినట్టే. ముప్పై ఏళ్ళుగా ఉన్న ఊరు, ఉన్న ఇల్లు.

ఆ ఫోను వచ్చిన తర్వాతి శుక్రవారం నేను చేపల పులుసు పట్టుకుని వెళ్ళేసరికి క్లాసు జరుగుతోంది. దీదీ హార్మోనియం మీద వరస వాయిస్తోంది, కంప్యూటర్‌లో పిల్లలు అయోమయంగా చూస్తున్నారు. మెట్టు మెట్టుకీ మధ్య జారాల్సిన జారుడు హార్మోనియంలో పలకదు కదత్తా, నోటితోనే చూపించాలి. దీదీ చేత్తో గాల్లో చూపిస్తోంది, ఎవరికీ అర్థం కావట్లేదు. నేను గిన్నె దించుకుంటూ ఏదో ధ్యాసలో ఆ జారుడు పాడేశాను. దీదీ చటుక్కున వెనక్కి తిరిగింది. "మళ్ళీ," అంది.

ఆవేళ్టినుంచి దీదీకి నోరు నేనే. ఆవిడ నా చెవిలో హిందీలో గుసగుసగా చెప్తుంది, వేళ్ళతో వాయిస్తుంది. నేను పాడతాను, పిల్లలు అందుకుంటారు. బెంగాలీ రాదుగా, తిప్పలు నావి. వాళ్ళకి అకారం అంటే ఒకారమే. నేను 'నది' అంటే ఆవిడ 'నొది' అంటుంది, 'జలం' కాస్తా 'జొల్' అవుతుంది. నేను మూతి సున్నాలా చుట్టి పాడుతుంటే పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఊపిరి కూడా పొట్టలోంచి తియ్యాలట, నేను ఇన్నాళ్ళూ భుజాలతో తీస్తున్నానట. ఇప్పుడు ఎంత హాయిగా ఉందో!

మీరావలి భాయ్ డోలక్ వాయిస్తాడు. చీరాల. స్కూలు వ్యాను నడుపుతాడు. నాకెక్కడ తాళం తప్పుతోందో నోటితో అనడు, కళ్ళతోనే చెప్తాడు. చాలా మంచివాడు.

వేణుగోపాలరావు గారు కిందటి క్లాసు చివరిదాకా చూశారు. ప్రస్తుతానికి ఖలాస్ ఆగింది.

హెప్సీ


నరసాపురం,
6 అక్టోబరు 2020.

హెప్సీకి,

మీరావలి ఎవరు? కళ్ళతో చెప్పడం ఏమిటి?

ఆ పాటలు ఏ దేవుడివి?

ఇరవై ఏళ్ళు నా దగ్గర పాడావు. భుజాలతో ఊపిరి తీస్తున్నావని నీకు నేను చెప్పనేలేదా? చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. అక్కడికెళ్ళి ఎవరో చెబితే హాయిగా ఉందా? సంతోషం.

డిసెంబరులో చర్చి తెరిస్తే క్రిస్మస్‌కి పై గొంతు సొప్రానో ఎవరు పాడతారో నాకు తెలీదు. నీకు సెలవు ఇస్తారో ఇవ్వరో కూడా తెలీదు. తెలుసుకోవాలనీ లేదు.

చల్లటి నీళ్ళు తాగకు.

మరియకుమారి


బర్ దుబాయ్,
22 జనవరి 2021.

అత్తా,

ఇన్నాళ్ళు రాయకపోవడానికి కారణం కోపమే, దాచుకోను. మీరావలి భాయ్‌ని ఊరంతా భాయ్ అంటారు. ఆయనకి మొన్న చీరాలలో మనవరాలి పెళ్ళయింది. మేమందరం ఫోనులో దీవెనలు పంపాం. నీ ఉత్తరంలో ఆ ముక్క దీదీకి చెప్పేశాను, ఆవిడ మీరావలి భాయ్‌కి చెప్పేసింది. ఆయన పాపం ఆవేళంతా డోలక్ వంకే చూస్తూ వాయించాడు, నావంక కన్నెత్తలేదు.

పాటలు ఏ దేవుడివీ కావు, పడవవాళ్ళవి. అడిగావు కాబట్టి ఆవిడ కథంతా చెప్తాను, విను.

దీదీది ముర్షిదాబాద్ జిల్లాలో పద్మా నది ఒడ్డున ఊరు. వాళ్ళ నాన్న జనపనార మోసే పడవ నడిపేవాడు. పద్మ అంటే మన గోదావరి లాంటిదే, ఈ ఒడ్డు నుంచి చూస్తే ఆ ఒడ్డు గీతలా ఉంటుందట. సాయంత్రం గాలి లేస్తే పడవవాడికి రేవు ఎటుందో తెలీదు. అప్పుడు ఇంటి ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి గొంతెత్తి పిలిచేవారు. పిలుపు సాగితే అదే పాట. దీదీ అమ్మ దగ్గర ఆ పిలుపు నేర్చుకుంది.

రేవులో టిక్కెట్లిచ్చే హరిపద మాస్టారు అని ఒకాయన ఉండేవాడట. పడవవాళ్ళ పాటలన్నీ ఆయన దగ్గర ఉండేవి. నేర్పమని వెళితే, "ముందు విను" అని టిక్కెట్ల కిటికీ పక్కన పీట వేశాడు. ఏడాది పొడుగునా నోరు తెరవనివ్వలేదు. వచ్చేపోయే పడవవాళ్ళు పాడుతుంటే వినడమే. ఆ తర్వాత ఒకరోజు, "ఇప్పుడు పిలు" అన్నాడట. దీదీ పిలిస్తే నది మధ్యలో పోతున్న పడవవాడు తెడ్డు ఆపేశాడట. పద్దెనిమిదేళ్ళకి కలకత్తా రేడియోలో పాడింది. ఆ పిలుపుకే పేరొచ్చింది.

పెళ్ళయ్యాక బిమల్ గారితో ఇక్కడికి వచ్చింది. ఆయన బర్ దుబాయ్ బట్టల కొట్లో పని. ఒక ఫ్లాట్‌లో నాలుగు కుటుంబాలు, షిఫ్టుల వాళ్ళు పగలు పడుకునేవారు. పాడటానికి లేదు. అంత గొంతు పెట్టుకుని ఆవిడ ఏళ్ళ తరబడి గుసగుసగా బతికింది. ఒకరోజు పాయకి అవతల ఉన్న దేరాకి వెళ్దామని రేవులో అబ్రా ఎక్కింది. అబ్రా అంటే అటూ ఇటూ మనుషుల్ని దాటించే చిన్న పడవ. నడిపేవాడు బంగ్లాదేశ్ మనిషి, పద్మకి సరిగ్గా అవతలి ఒడ్డువాడు. వాడు కూనిరాగం తీస్తూ ఒక చోట వరస తప్పాడు. దీదీ ఉండబట్టలేక సరిదిద్దుతూ గొంతెత్తేసింది. పడవ దేరా చేరింది, ఒక్కరూ దిగలేదత్తా. పడవవాడు మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఆ పడవలో ఉన్న ఒక బట్టల కొట్టు యజమాని భార్య మర్నాడే కూతుర్ని తీసుకొచ్చి దీదీ ముందు కూచోబెట్టింది. అలా మొదలయ్యాయి క్లాసులు. తర్వాత స్టేజీలు, షార్జా, అబుదాబి. ఆవిడ దగ్గర నేర్చుకున్న వాళ్ళు ఇప్పుడు లండన్‌లోనూ ఢాకాలోనూ టీచర్లు.

అలాంటి మనిషి ఇప్పుడు నా నోటితో పాడించుకుంటోంది. నిన్ను వదిలేసి నేను ఎక్కడికీ పోలేదత్తా. క్రిస్మస్‌కి సెలవు ఇవ్వలేదు, వార్డు మళ్ళీ నిండిపోయింది.

హెప్సీ


బర్ దుబాయ్,
12 నవంబరు 2021.

అత్తకి,

జనవరిలో అంత పెద్ద ఉత్తరం రాశాను. ఒక్క ముక్క జవాబు లేదు. ఫోను చేస్తే "అన్నం తిన్నావా" అంటావు, నాన్నకి ఇచ్చేస్తావు. నా మీద కోపం పోలేదనే అనుకుంటున్నాను. అయినా ఇవాళ నిన్ను తప్ప అడగడానికి నాకు ఇంకెవరూ లేరు. అత్తగా వద్దు, టీచరుగా జవాబు చెప్పు.

దీదీకి పాట వస్తోంది. స్పీచ్ థెరపీ అమ్మాయి చాలా కష్టపడింది. కానీ కింద మెట్లే వస్తున్నాయి. మధ్య దాటి పైకి వెళ్తే గొంతు చీలిపోతోంది. వంటింట్లో పప్పు కలుపుతూ కిందే పాడుకుంటుంది, మనం విన్నామని తెలిస్తే ఆపేస్తుంది.

వచ్చే ఫిబ్రవరిలో ఖోర్ ఫక్కాన్‌లో సంగీత కేంద్రం వాళ్ళ పెద్ద ప్రోగ్రాం. సముద్రం పక్కన, కొండకి ఆనించి మెట్లు మెట్లుగా కట్టిన ఆరుబయలు స్టేజీ. పోర్టులో పనిచేసే బెంగాలీవాళ్ళు, సోనాపూర్ కూలీల క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్ళు, అందరూ నమితా దీదీ పిలుపు వినాలనే వస్తారు. వేణుగోపాలరావు గారు ఏమన్నారంటే, "పాత రికార్డింగ్ ఉంది కదా మేడమ్, అది వేస్తాం. మీరు మైకు ముందు పెదవులు కదపండి, ఎవరికీ తెలీదు." దీదీ ఆయన వంక చూసి, "నాకు తెలుస్తుంది," అంది. పోనీ కింది శ్రుతిలో పాడండి దీదీ అని నేనంటే, "ఆ పిలుపు లేకపోతే అది పాటే కాదు. అవతలి ఒడ్డుకి వినపడనిది పిలుపెలా అవుతుంది?" అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ప్రోగ్రాంలో దీదీ లేకపోతే కొత్త టీచర్ని పెట్టుకోవడానికి వాళ్ళకి సాకు దొరుకుతుంది. అంతకన్నా నాకు భయం, ఇప్పుడు ఆపేస్తే ఆ మనిషి ఇక పాడదు.

నీ క్వయిరులో ఇలా జరిగితే నువ్వేం చేసేదానివి?

హెప్సీ


నరసాపురం,
1 డిసెంబరు 2021.

నా బంగారుతల్లికి,

జవాబు రాయలేదా? నాలుగు పేజీలు రాశానే! మావయ్యని నిలదీస్తే ఇప్పుడు బయటపడింది. ఫోనులో 'హెప్సీ' అని ఉంటే అది నువ్వే అనుకుని తాడేపల్లిగూడెం పాస్టరమ్మ హెప్సీబా గారికి పంపేశారట. ఆవిడ మర్యాదస్తురాలు, చదువుకుని ఊరుకుంది. అందులో ఆవిడ సొప్రానో గురించి కూడా ఒక మాట రాశాను. అందుకేనన్నమాట ఈస్టరుకి కనపడితే పలకరించలేదు. నువ్వేమో చదివి కూడా పట్టించుకోలేదని నేను ఇక్కడ కుళ్ళిపోయాను. పది నెలలు! ఈయన్ని ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

ఆ ఉత్తరంలో ఏం రాశానో ఇప్పుడు మళ్ళీ రాయలేను. పడవ తిరిగి వెనక్కి వెళ్ళిన చోట మాత్రం ఏడ్చానని రాశాను. ఆవిడ పాట ఒకటి పంపమని అడిగాను.

ఇక నువ్వడిగిన సంగతి. మన క్వయిరులో మగపిల్లలకి గొంతులు మారే ఈడు వస్తుంది చూడు, నిన్నటిదాకా పిట్టల్లా పాడినవాళ్ళు హఠాత్తుగా కప్పల్లా అయిపోతారు. సిగ్గుపడి మానేస్తామంటారు. నేను మాననివ్వను. హార్మోనియం శ్రుతి కిందికి దించుతాను. ఆ పిల్లాడికి ఎక్కడ హాయిగా ఉందో అక్కడికి పాటే వెళ్ళాలి, పిల్లాడు పాట దగ్గరికి ఎక్కి రాక్కర్లేదు.

కానీ ఆవిడ నా క్వయిరు పిల్ల కాదు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. అవతలి ఒడ్డున ఉన్నవాణ్ణి పిలవాలంటే గొంతెత్తాల్సిందే. అయితే ఒకటి అడుగు. ఆ పిలుపు విని వాడు ఎప్పటికైనా వస్తాడా, రాడా? వచ్చి, పడవ కట్టేసి, పక్కన కూచున్నాక కూడా ఆవిడ అదే కేక పెడుతుందా? అప్పుడు మెల్లగానే కదా మాట్లాడతాం. ఆ మెల్లగా మాట్లాడటానికి పాట లేదా వాళ్ళ భాషలో?

నాకు తెలిసింది ఇంతే. ఆవిడకి నా వందనాలు. ఇన్నాళ్ళు ఆవిడ మీద కుళ్ళుకున్న సంగతి చెప్పక్కర్లేదు.

నీ అత్త


బర్ దుబాయ్,
5 మార్చి 2022.

అత్తా! అత్తా! ఎక్కడ మొదలుపెట్టనూ?

కొత్త సంవత్సరం నుంచి మాకు సెలవు శని ఆదివారాలకి మారింది. ఇవాళ శనివారం, బోలెడు తీరిక. వరసగా చెప్తాను.

నీ ఉత్తరం దీదీకి హిందీలో చదివి వినిపించాను. కుళ్ళుకున్న సంగతి కూడా చదివేశాను, ఏమీ అనుకోకు. అక్కడ నవ్వింది. పడవ కట్టేసి పక్కన కూచోడం దగ్గరికి వచ్చేసరికి మొహం ఎర్రబడింది. హార్మోనియం తిత్తి ఠప్పున మూసేసి, "వాడు రాడు! రాకపోవడమే ఆ పాట. మీ అత్తకి చెప్పు, నది పక్కన ఊరుండగానే సరిపోదు," అంది. రెండు వారాలు నన్ను ఇంటికి రానివ్వలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఫోను. "రా," అంది. వెళితే వంట చేసి పెట్టింది. తిన్నాక నేను కంచాలు కడుగుతుంటే వెనకనుంచి హార్మోనియం మోగింది. బాగా కింద మెట్టు. "మీ అత్త అన్నట్టు వచ్చాడనే అనుకుందాం. వస్తే ఏమంటాను?" అని తనలో తను అనుకుంటూ మొదలుపెట్టింది. అదే పాట, అవే మాటలు. "ఓ పడవవాడా, పొద్దు వాలుతోంది, రేవుకి రా" అని. ఇన్నాళ్ళూ అది కేకలా ఉండేది. ఆవేళ, వచ్చి కూచున్న మనిషితో "ఎంత ఆలస్యం చేశావు, అన్నం తిన్నావా" అన్నట్టుంది. నేను తడిచేతులతో అలాగే నిలబడిపోయాను. ఆవిడ పాడుతూ బిమల్ గారి ఫొటో వంక చూడలేదు. తలుపు వంక చూసింది.

పాట అయ్యాక, "మీ అత్త పట్టుదల మనిషిలా ఉందే," అంది. అవునన్నాను.

వేణుగోపాలరావు గారు భయపడ్డారు. "జనం పిలుపు కోసం వస్తారు మేడమ్, అది లేకపోతే ఎలా?" అన్నారు. "పిలుపు ఉంటుంది. నేను పిలవను, నన్ను పిలుస్తారు," అంది దీదీ. దాని అర్థం ఆయనకే కాదు, మాకూ ప్రోగ్రాం ముందు రిహార్సల్ దాకా తెలీలేదు.

ఖోర్ ఫక్కాన్‌లో ఆ సాయంత్రం గాలి బాగా ఉంది. మెట్లన్నీ నిండిపోయాయి. దీదీ తెల్లచీరలో ఒక్కతే స్టేజీ మీదికి వచ్చి మైకుని నోటి దగ్గరికి లాక్కుని కూచుంది. మీరావలి భాయ్ పక్కన డోలక్ పెట్టుకుని కదలకుండా ఉన్నాడు. మేమెవరం స్టేజీ మీద లేం. నేనూ, దీదీ దగ్గర నేర్చుకుంటున్న పిల్లలూ, పాత విద్యార్థులూ జనం వెనకాల, పై మెట్ల మీద ఉన్నాం. నేను ముందు గొంతెత్తాను. ఊపిరి పొట్టలోంచి తీశాను, నువ్వు చెప్పినట్టే అని ఒప్పుకుంటున్నాను! ఆ పైస్థాయి పిలుపు నేను పిలిచాను, పిల్లలు అందుకున్నారు. జనం ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. మా పిలుపు వాళ్ళ తలల మీదుగా స్టేజీ దాకా వెళ్ళింది. అది ఆగగానే దీదీ కింది శ్రుతిలో జవాబిచ్చింది. అంతా మళ్ళీ ముందుకి తిరిగారు. మేం పిలవడం, ఆవిడ "వచ్చాను, ఇక్కడే ఉన్నాను" అన్నట్టు మెల్లగా పలకడం. ఆఖరి చరణంలో మేం ఆపేశాం. ఆవిడ ఒక్కతే పాడింది. అంతమంది జనంలో దగ్గు కూడా వినపడలేదు.

పాట ముగియగానే ముందు వరసలో పోర్టు యూనిఫాంలో ఉన్న ఒక పెద్దాయన లేచి నిలబడి "ఆబార్!" అని అరిచాడు. మళ్ళీ అని. అంతే అత్తా, మెట్లన్నీ లేచాయి. "ఆబార్! ఆబార్!" అని బెంగాలీలు, "యల్లా, దీదీ!", అంటే కానివ్వు అని, మిగతావాళ్ళు. మళ్ళీ పాడింది. వాళ్ళు కూచోలేదు, మూడోసారి కూడా పాడించుకున్నారు. వేణుగోపాలరావు గారు కళ్ళు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి, "ఆ టేపు సంగతి నేనన్నానని ఎక్కడా అనకమ్మా," అన్నారు.

ఆఖర్న దీదీ నన్ను స్టేజీ మీదికి పిలిచింది. నా చెయ్యి పట్టుకుని మైకులో హిందీలో చెప్పింది. "నాకు గొంతు లేని రోజుల్లో ఈ అమ్మాయి గొంతుతో పాఠాలు చెప్పాను. అందరూ ఈమె నా శిష్యురాలంటున్నారు. కాదు. ఈ గొంతు నేను తయారుచేసింది కాదు. ఆంధ్రాలో నరసాపురం అనే ఊళ్ళో మరియకుమారి అని ఒక టీచరు ఉంది. ఇది ఆవిడ చేతిపని. ఇవాళ నేను పాడిన తీరు కూడా ఆవిడ చెప్పిందే. చప్పట్లు ఆవిడకి కొట్టండి." కొట్టారత్తా. నీకోసం, అంతమందీ.

వీడియో పంపుతున్నాను. ఈసారి నేనే నాన్న ఫోనుకి పంపాను, మావయ్య చేతికి ఇవ్వొద్దను.

మొన్న సంగీత కేంద్రం వాళ్ళు దీదీని టీచర్లందరికీ పెద్దగా వేసి, కొత్తగా వీసా కొట్టించారు. ఇంటికి వచ్చి మరీ ఇచ్చారు. అబుదాబి నుంచి, షార్జా నుంచి పిలుపులు వస్తున్నాయి. కొత్త పిల్లలకి చోటు చాలక పావురాల బాల్కనీ కూడా క్లాసు అయిపోయింది.

నీ హెప్సీ
(నీ చేతిపని)


నరసాపురం,
20 నవంబరు 2022.

హెప్సీ తల్లికి అత్త ముద్దులు.

నీ దీదీ మన ఇంటికి క్షేమంగా చేరింది. ముర్షిదాబాద్‌లో తమ్ముణ్ణి చూసుకుని కలకత్తాలో రైలెక్కి నిడదవోలులో దిగింది. నువ్వు రాలేకపోయావని మీ నాన్న సణుగుతూనే స్టేషనుకి వెళ్ళి, ఆవిడ పెట్టె తనే మోసుకొచ్చాడు.

ఆ వీడియో చూశాక నేను నీకు సరిగ్గా జవాబు రాయనే లేదు. రాయలేకపోయాను. ఇన్నేళ్ళలో నా పేరు మైకులో ఎవరూ చెప్పలేదమ్మా. వార్షికోత్సవాలకి పాస్టరు గారు "క్వయిరు వారికి కృతజ్ఞతలు" అంటారు, అంతే. మావయ్య ఆ ముక్క మళ్ళీ మళ్ళీ పెట్టి, వీధిలో పోయేవాళ్ళని పిలిచి చూపించారు. నేను లోపల లేసు అల్లుతున్నట్టు నటించాను. ఒక్క కుట్టూ పడలేదు.

ఆవిడకి తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు. మొదటిరోజు పిల్లల్ని కూచోబెట్టి నేను పాట చెప్తుంటే పక్కనుంచి "ఆస్తే, ఆస్తే" అంటుంది. ఏ ఆస్తి గురించి అడుగుతోందో అర్థంకాక, "మాకేం లేదమ్మా, ఈ ఇల్లొక్కటే" అన్నాను. మీ నాన్న దుబాయ్‌కి ఫోను చేసి నిన్నడిగితే కదా తెలిసింది, మెల్లగా అని దానర్థమని! అంతా ఒకటే నవ్వు. అయినా మెల్లగా పాడమని నాకు చెబుతుందా? ఆ పాట నలభై ఏళ్ళుగా ఆ వేగంలోనే పాడుతున్నాం. పోట్లాడుకున్నాం. ఆవిడ బెంగాలీలో, నేను తెలుగులో. ఆఖరికి పోయిన ఆదివారం ఆవిడ చెప్పిన వేగంలోనే పాడించాను. బాగుంది. ఆవిడతో అనకు.

నిన్న సాయంత్రం పిల్లల్ని గోదావరి రేవుకి తీసుకెళ్ళాం. ఆవిడ అవతలి ఒడ్డున సఖినేటిపల్లి వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత నది దాటించే పంటు దిగుతున్న జనం మధ్యలోనే మెట్ల మీద కూచుని పడవ పాట మొదలుపెట్టింది. మన పిల్లలు సొప్రానో, టెనార్, బేస్ అందుకున్నారు. ఆల్టో నేను పట్టాను. నాలుగు గొంతుల మధ్య ఆవిడ గొంతు నడుస్తుంటే పంటు ఎక్కాల్సినవాళ్ళు ఎక్కడం మానేశారు. పంటువాడు హారన్ కొట్టి కొట్టి ఊరుకున్నాడు.

రేపు వెళ్తానంటోంది. క్రిస్మస్ దాకా పంపనని చెప్పు. వేణుగోపాలరావు గారికి నువ్వే ఏదో ఒకటి సర్దిచెప్పు. ఇక్కడ టెనార్ పిల్లలు ఇప్పుడిప్పుడే దారికొస్తున్నారు.

ఉంటానే. లోపల హార్మోనియం మోగుతోంది, పొద్దున్నే సాధన మొదలెట్టింది. నిన్నటికన్నా అర శ్రుతి పైన పెట్టినట్టుంది. వెళ్ళి దించమందామని లేచాను. గుమ్మంలో ఆగిపోయాను. గొంతు చీలలేదే హెప్సీ! ఇంకో మెట్టు ఎక్కుతోంది.

నీ అత్త
మరియకుమారి